బుట్ట దాకా

బుట్ట ఎడమ పక్కకు జారిపోయింది. అంతవరకూ ఎదురుగానే నిలబడి, ఇంకో మూరెడు ముందుకు పోతే చాలు అనుకునేసరికి, ఎప్పటిలాగే, ఎవరో పక్కనుంచి చెయ్యి పెట్టి లాగేసినట్టు జారిపోయింది. చిత్ర పళ్ళు కొరికింది. తెర నిండా ట్యాంకరు విమానం పొట్ట, దాని రెక్క కింద నుంచి వేలాడే పొడుగాటి గొట్టం, గొట్టం కొసన బుట్ట, బుట్టకు ఈవల తన యుద్ధవిమానం ముక్కు పక్కన కొమ్ములా పొడుచుకొచ్చిన కడ్డీ. ఆ కడ్డీని ఆ బుట్టలోకి దూర్చాలి, ఇంధనం నిండేదాకా కదలకుండా అలాగే ఉండాలి, అంతే పని. చూస్తే ఎంత, సూదిలోకి దారం ఎక్కించినంత. దారం ఎక్కించడం ఆమెకు కొత్తా, పదేళ్ళ పిల్లగా ఉన్నప్పటి నుంచి ఎక్కిస్తూనే ఉంది, మాటల్లో పడి చూడకుండా కూడా ఎక్కించేస్తుంది, కాని అక్కడ సూది ఎగరదు, దారం ఎగరదు, ఇక్కడ రెండూ మబ్బుల మీద ఎగురుతున్నాయి, ఎగురుతున్నది కంప్యూటరు తెర మీదేనని, కింద హోసూరులో తన ఇంటి వెనక గదిలో కుర్చీ కుర్చీలాగే ఉందని తెలిసినా అరచెయ్యి చెమటపట్టి విమానాన్ని నడిపే స్టిక్ జారుతోంది. వెనక శశికుమార్ ముక్కుతో గట్టిగా గాలి పీల్చాడు. మాట అనబోయే ముందు పీల్చే గాలి అది. పాతికేళ్ళ కాపురంలో ఆ గాలి తరువాత ఏం వస్తుందో ఆమెకు తెలియని రోజు లేదు.

"మళ్ళా బుట్టనే చూసినావు," అన్నాడు. "బుట్టను చూడద్దంటే బుట్టనే చూస్తావే. ట్యాంకర్ని చూడు మే."

చూడలేదు, ఈసారి నిజంగా చూడలేదు, ట్యాంకరు పొట్ట మీద గీతలే చూసింది, అయినా జారింది. చెప్తే నమ్మడు. హెడ్‌సెట్‌లో కృష్ణగిరి నుంచి పద్మనాభం గొంతు, ఆయన తన ఇంట్లో తన కంప్యూటరు ముందు కూర్చుని, ఈ ఆకాశంలోనే ఆమె కుడి రెక్క పక్కన తన విమానంలో ఎగురుతూ చూస్తున్నాడు, బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి, ఎన్నిసార్లు తప్పు చేసినా గొంతు పెంచడు, అదే ఒక్కోసారి ఇంకా చిరాకు. పరవాలేదు చిత్రమ్మా, వెనక్కి పో, ఊపిరి తీసుకో, మళ్ళీ రా, అన్నాడు. ఊపిరి తీసుకో అని ఎంతమంది చెప్తారో. ప్రసవంలో నర్సు చెప్పింది, బ్యాంకు లైనులో వాచ్‌మన్ చెప్పాడు, ఊపిరి తీసుకోక ఎవరు ఊరుకున్నారు గనక. ఆమె వేగం కొంచెం తగ్గించింది, విమానం వెనక్కి జరిగింది, జరగాల్సినదానికంటే ఎక్కువే జరిగింది, ట్యాంకరు చిన్నదైపోయింది, బల్ల మీద శశికుమార్ ఫోను మోగింది. సామాను కొనే రక్షిత్ అనే అబ్బాయి మెసేజి. ఎలక్ట్రానిక్ సిటీ దాటాడట. సాయంత్రం లోపల వచ్చి ఈ స్టిక్కు, ఎడమచేతి పక్క వేగం పెంచి తగ్గించే త్రాటిల్, కాళ్ళ కింది పెడల్స్, అన్నీ కార్లో వేసుకుని బెంగుళూరు తీసుకుపోతాడు.

పోయిన ఆదివారమే కావలసిన పని ఇది. పద్మనాభం నడిపే జట్టులో ఎనిమిది మంది, తమిళులు, కన్నడం వాళ్ళు, ఇద్దరు తెలుగు వాళ్ళు, ఆదివారం ఆదివారం ఎవరింట్లో వాళ్ళు కూర్చుని ఒకే ఆకాశంలో కలుసుకుంటారు. జట్టు పేరు సంగటి. రాగి సంగటి తినేవాళ్ళకు గద్దలూ పులులూ అని పేర్లు పెట్టుకుంటే నవ్వొస్తుందని ఆ పేరు పెట్టింది శశికుమారే. అందులో మూడో విమానం, సంగటి త్రీ, ఆయన. దూరం పోయే మిషన్లకు గాలిలో ఇంధనం నింపుకోవడం రావాలి, అది రానివాళ్ళకు జట్టులో సీటు ఇవ్వకూడదని నియమం పెట్టింది కూడా ఆయనే. ఆయన పెట్టిన నియమం, ఆయన సీటు, అందులో ఆయన పెళ్ళాం, ఇప్పుడు సామాను ఆయనే అమ్మేస్తానంటున్నాడు. ఈ ఆదివారం నువ్వు బుట్ట పట్టినావా, సామాను ఇంట్లో ఉంటుంది, పట్టలేదా, ఆ బెంగుళూరు పిల్లోడు పట్టుకుపోతాడు, ఇంక ఈ గదిలో బీరువా పెట్టుకుందాం అన్నాడు మొన్న అన్నం తింటూ, ఎడమచేత్తో చెంచా పట్టుకుని, పచ్చడి కావాలా అని అడిగినంత మామూలుగా.

చెంచా. ఎడమచేత్తో చెంచా పట్టుకుని తినడం నేర్చుకోవడానికి ఆయనకు పట్టిన కాలం తనకు ఈ విమానం పైకి లేపడానికి పట్టింది. శూలగిరి దగ్గర వానలో బండి జారినప్పుడు మోచేతి దగ్గర నరం తెగింది, కుట్టారు, కుట్టింది అతకలేదు అన్నారు, అతుకుతుంది అన్నారు, కుడిచేతి వేళ్ళు ఈ రోజుకీ సగం ముడుచుకుని అలాగే ఉన్నాయి, ఎవరో చేతిలో ఏదో పెడతామని చెప్పి మరిచిపోయినట్టు. ఫ్యాక్టరీలో స్టోర్సులో కూర్చోబెట్టారు. ఇంటికొచ్చి బాల్కనీలో కూర్చునేవాడు. మాట లేదు. కూర బాగుందా, ఊ. కరెంటు బిల్లు వచ్చింది, ఊ. మీ చెల్లెలు ఫోను చేసింది, ఊ. కొట్టే మొగుణ్ణి, తాగే మొగుణ్ణి గురించి ఆడవాళ్ళు చెప్పుకుంటారు, ఊ అనే మొగుడి గురించి ఎవరికి చెప్పాలి, చెప్తే, మంచోడే కదమ్మా, అంటారు. ఒకనాడు ఈ గది తుడుస్తూ దుమ్ము పట్టి ఉందని స్టిక్కు మీద గుడ్డ వేసి రుద్దుతుంటే హాల్లోంచి, "దాన్ని ముట్టద్దు మే, స్ప్రింగు పోతుంది," అని అరిచాడు. అరుస్తూ లోపలికి వచ్చాడు. వచ్చి స్ప్రింగు అంటే ఏమిటో చెప్పాడు, స్ప్రింగు గట్టిగా ఉంటే చిన్న కదలిక ఎలా పట్టుకోవాలో, పిడికిలితో కాదు వేళ్ళ కొసలతో పట్టుకోవాలని, ముడుచుకోని వేళ్ళు చూపిస్తూ చెప్పాడు, అలా చెప్తూనే ఉన్నాడు, పొయ్యి మీద పాలు పొంగిపోయాయి, పొంగిపోనీ అని నిలబడి వింది. మరునాడు తనే గుడ్డ తీసుకుని వచ్చి, ఇదేంది, ఇది నొక్కితే ఏమవుతుంది, అని అడిగింది. అలా మొదలైంది. మొదట్లో తెలిసినదే తెలియనట్టు అడిగేది. ఎందుకంటే తప్పు చేస్తేనే ఆయన మాట్లాడతాడు.

అది ఎప్పుడు మారిందో ఆమెకు గుర్తు లేదు. ఇంజను మొదలుపెట్టే వరస, బ్యాటరీ, పంపు, ఈ మీట, ఆ మీట, గాలి చప్పుడు పెరగడం కోసం ఆగడం, అప్పుడు ఇంకో మీట, ఆ వరస పొద్దున కాఫీకి నీళ్ళు పెట్టేటప్పుడు నోట్లో ఆడటం మొదలుపెట్టినప్పుడా. మొదటిసారి రన్‌వే మీద దిగి, ఎగిరి, దిగి, ఎగిరి, చివరకు పక్కనున్న గడ్డిలో ఆగినా విరగకుండా ఆగినప్పుడా. పక్కింటి మంజులమ్మ కిటికీలోంచి చూసి, ఈ వయసులో ఆటలేమి చిత్రా, అని నవ్వింది, ఆట కాదు, సిమ్యులేటర్, అసలు విమానంలో ఎన్ని మీటలుంటాయో ఇందులోనూ అన్నే ఉంటాయి, అని శశికుమార్ మాటలే అప్పజెప్పి, తనకే ఆశ్చర్యమేసింది. ఎందుకు నేర్చుకుంటున్నావు అని అడిగితే ఏం చెప్పాలో తెలియదు. మొగవాళ్ళను ఎవరూ అడగరు. ఆయన రెండేళ్ళు ఈ గదిలో తలుపేసుకుని ఎగిరాడు, ఎందుకని తను కూడా అడగలేదు, కాఫీ తెచ్చి బల్ల మీద పెట్టి పోయింది. ఇప్పుడు తను ఎగురుతుంటే కుక్కరు కూత పెడుతుంది, గ్యాసు బండి వస్తుంది, ఆయనకు మాత్ర వేళవుతుంది, అయినా బుట్ట పట్టాలి. ఆయన కోసం పట్టాలనుకుంది మొదట. ఇప్పుడు, ఆయన కోసం కాకపోయినా, ఈ దరిద్రపు బుట్టను ఒక్కసారి పట్టకుండా తను దీన్ని ఎవడికీ ఇవ్వదు.

మళ్ళీ దగ్గరికి పోయింది. మెల్లగా. త్రాటిల్ కొంచెం ముందుకు. ఏమీ జరగలేదు. ఇంకొంచెం. ఏమీ లేదు. ఇది బాత్రూములో గీజరు కుళాయి లాంటిదే, తిప్పుతావు, చన్నీళ్ళే వస్తాయి, ఇంకా తిప్పుతావు, చన్నీళ్ళే, ఇంకా తిప్పుతావు, అప్పుడు మొదట తిప్పినదీ తరువాత తిప్పినదీ అన్నీ కలిసి ఒక్కసారి వీపు మీద కాలుతాయి. విమానం దూసుకుపోయింది. గొట్టం అద్దానికి తగిలేంత దగ్గరికి వచ్చి, బుట్ట తలమీదుగా వెనక్కి పోయింది. పద్మనాభం, వెనక్కి, వెనక్కి, అన్నాడు. శశికుమార్ గాలి పీల్చాడు.

"త్రాటిల్ నీకు చెయ్యి రాలేదు," అన్నాడు. "ఎన్ని చెప్పినా రాలేదు. ఎడం చెయ్యి నిద్రపోతా ఉంది నీకు."

నిద్రపోతున్నది ఎడమచెయ్యి కాదు. అయితే ఏమిటి, అదే తెలియడం లేదు. పూర్ణిమకు కూడా తెలియలేదు. పూర్ణిమ అంచెట్టి అవతల అడవి పల్లె పిల్ల, చీకటితో లేచి బస్సెక్కి గార్మెంట్ యూనిట్‌కు వస్తుంది, చిత్ర అక్కడ కొత్త పిల్లలకు మిషను నేర్పే సూపర్‌వైజరు. మిగతా పిల్లలు కాలరు కుట్టే దాకా వచ్చేశారు, ఈమె ఇంకా నిలువు కుట్టు దగ్గరే, కుట్టు పాములా వంకర పోతుంది. కరెంటు మిషను, కాలు ఆనిస్తే చాలు పరిగెత్తుతుంది, ఈ పిల్ల కాలు ఆనించదు, తొక్కుతుంది, ఎద్దును తొక్కినట్టు, గుడ్డ పరిగెత్తుతుంది, చేతులు గుడ్డ వెనక పరిగెత్తుతాయి. నిన్న శనివారం ఆ వంకర కుట్టు చేతికి తీసుకుని, సోమవారం నుంచి ప్యాకింగ్‌కు పో, అనేసింది చిత్ర. ప్యాకింగ్ అంటే రోజంతా నిలబడి అట్టపెట్టెలు మూయడం, నేర్చుకునే పని ఏమీ ఉండదు. పిల్ల ఏడవలేదు. తల వంచుకుని, "అక్కా, మీరు పక్కన నిలబడితేనే నాకు కాలు ఆగదక్కా," అంది. ఎదురు చెప్తున్నావా అంది చిత్ర. ఎదురు చెప్పడం కాదు అది. ఇప్పుడు, వీపు మీద మొగుడి ఊపిరి తగులుతుంటే, ఇరవై వేల అడుగుల ఎత్తున తెలిసింది, అది ఎదురు చెప్పడం కాదని.

ఫోను మోగింది. జూజువాడి చెక్‌పోస్టు దగ్గర లారీలు, కొంచెం ఆలస్యం. శశికుమార్ వంగి చదివి, "జూజువాడి కొచ్చినాడు," అన్నాడు, అందులో సంతోషం లేదు, బాధ కూడా లేదు, అదే ఊ గొంతు, హాల్లో ఉండాల్సిన గొంతు ఈ గదిలోకి వచ్చేసింది.  ఆమెకు కోపం వచ్చింది. మళ్ళీ ముందుకు పోయింది, బాగా పోయింది, ఎప్పుడూ పోనంత బాగా పోయింది, ట్యాంకరు నిలకడగా ఉంది, బుట్ట నిలకడగా ఉంది, మూరెడు, జానెడు, వెనకనుంచి, చూసుకో, చూసుకో, వేళ్ళు, వేళ్ళు, బిగపట్టద్దు, అని మొదలైంది, బుట్ట ఎడమకు జారిపోయింది.

"మీరు ఆవలికి పోతారా," అంది. తల తిప్పలేదు. "వెనకాల నిలబడితే నాకు చెయ్యి ఆడదు. పోండి."

 చెప్పుల చప్పుడు, హాలు, బాల్కనీ తలుపు. ఒక్క మాట అనలేదు ఆయన. ఒక్క మాట అని ఉంటే బాగుండేది. ఏం చేశావే చిత్రా. ఏ మాట వినడానికి ఈ కుర్చీలో కూర్చున్నావో ఆ మాటను బయటికి తోలావు. బుట్ట పట్టాలంటే ఆయన ఇక్కడ ఉండకూడదు, ఆయన ఇక్కడ ఉండటం కోసమే బుట్ట పట్టాలి, ఇది ఏ లెక్క, పద్మనాభం సార్‌ను అడిగితే ఏమంటాడు, లెక్కల సారు కదా. ఆయన గొంతే వచ్చింది హెడ్‌సెట్‌లో. శశి కోప్పడినాడా, అని అడిగాడు, వినపడిందేమో. లేదు సార్ అంది. సరే చిత్రమ్మా, కాఫీ కలిపినారు, తెచ్చుకుంటాను, అంతవరకూ ట్యాంకరు వెనకాల సుమ్నే ఎగురుతా ఉండు, ఏమీ చేయద్దు, అన్నాడు. సుమ్నే. ఊరికే ఉండటం వస్తే ఇంక కావలసిందేముంది.

చెవులు మండుతున్నాయి. హెడ్‌సెట్ తీసి మెడలో వేసుకుంది. గది చప్పుడు గదికి తిరిగి వచ్చింది, ఫ్యాను, వీధిలో పిల్లల క్రికెట్, ఎవరింట్లోనో మిక్సీ, సన్నగా మెడ దగ్గర నుంచి విమానం ఇంజను. ఇంత దూరం వచ్చి, మళ్ళీ ఒకసారి పోనీ, సారు లేనప్పుడు, మొగుడు లేనప్పుడు, ఎవరూ చూడనప్పుడు, పోతే పోనీ. మెల్లగా ముందుకు పోయింది. మూరెడు. ఇప్పుడు, అనుకుంది. టిక్. బుట్ట ఎడమకు జారిపోయింది.

టిక్ ఏమిటి.

వెనక్కి వచ్చింది. మళ్ళీ పోయింది. ఈసారి బుట్టనూ చూడలేదు, ట్యాంకరునూ చూడలేదు, చెవితో పోయింది. ఇప్పుడు, అనుకుంది, టిక్, జారింది. మెట్టె. కుడికాలి మెట్టె, ఇనప పెడల్‌కు తగిలి. ఆమె వంగి బల్ల కిందికి చూసింది, ఎవరిదో కాలును చూసినట్టు. కుడికాలు మునివేళ్ళ మీద పెడల్ తొక్కి పట్టుకుని ఉంది. తొక్కమని ఎవరు చెప్పారు దానికి. ఎవరూ చెప్పలేదు. ముందుకు పోవాలి అని మనసు అనుకోగానే ఆ కాలు తొక్కుతుంది, ఇన్నేళ్ళూ మిషను మీద అదే చేసింది, వేగం కావాలంటే మునివేళ్ళు, ఆపాలంటే మడమ, దానికి అంతే తెలుసు. ఇక్కడ పెడల్‌కూ వేగానికీ సంబంధం లేదు, కుడి పెడల్ తొక్కితే విమానం ముక్కు కుడికి తిరుగుతుంది, ముక్కు కుడికి తిరిగితే బుట్ట ఎడమకు జారుతుంది, ఇన్ని వారాలూ బుట్ట ఎక్కడికీ జారలేదు, తనే తిరిగిపోయింది. వెనక నిలబడి ఆయన తెర చూశాడు, చేతులు చూశాడు, బల్ల కింద కాలు ఎవరు చూస్తారు. కృష్ణగిరిలో ఉన్న సారుకు విమానమే కనిపిస్తుంది, మెట్టె కనిపించదు. నవ్వు రావాలి, రాలేదు, కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఇన్ని తిట్లూ ఎడమచెయ్యి తిన్నది, కుడికాలు చల్లగా బల్ల కింద కూర్చుంది.

రెండు కాళ్ళూ పైకి తీసి కుర్చీ మీద మఠం వేసుకుని కూర్చుంది. ముందుకు పోయింది. ముక్కు తిరగలేదు. బుట్ట ఎదురుగా నిలబడింది, నిలబడే ఉంది, కాని దగ్గరికి రావడం లేదు. త్రాటిల్ కదిపితే దూసుకుపోతోంది, తగ్గిస్తే వెనక్కి పోతోంది, ఎడమచెయ్యి నిజంగానే నిద్రపోతోంది, ఆయన అన్నది అబద్ధం కాదు, చేతులకు వేగం తెలియదు, చేతులు ఎప్పుడూ దారి చూపించాయి, వేగం కాలిది. కాలు లేకపోతే వేగం ఎవరిది. బాల్యంలో వేగం అమ్మది. రాయకోటలో రైలు కట్ట పక్క ఇల్లు, వాకిట్లో కాలి మిషను, నల్లటిది, దాని మీద బంగారు తీగలు సగం చెరిగిపోయి. తన కాళ్ళు తొక్కుడు పలక దాకా అందేవి కావు. అమ్మ ఒళ్ళో కూర్చోబెట్టుకునేది, అమ్మ పాదాలు కింద ఆడేవి, తన చేతులు పైన గుడ్డను పట్టుకునేవి, అమ్మ గడ్డం తన తల మీద ఆని ఉండేది, "పాదం నాది, చెయ్యి నీది, నా పాదం సంగతి నీకొద్దు," అనేది, రైలు పోతుంటే మిషనూ ఇల్లూ ఊగేవి, అయినా కుట్టు తిన్నగా వచ్చేది, తన మొదటి కుట్టు తిన్నగానే వచ్చింది, ఒంటరిగా కుట్టింది కాదు గనక. అమ్మ తిట్టేది కాదు, తిట్టాలంటే తన పాదాలను కూడా తిట్టుకోవాలి. పూర్ణిమ పక్కన నిలబడి అరిచే బదులు దాని పక్కన కూర్చుని పెడల్ మీద తన కాలు పెట్టి ఉంటే. అంత మాత్రం తట్టలేదే. ఇన్ని మిషన్లకు ఇంతమంది పిల్లలు, ఎవరి మిషను వాళ్ళు, ఎవరి కాలు వాళ్ళు, ఒకరి పని ఒకరే చేయాలని ఎవరు చెప్పారు. ఈ కుర్చీలో ఒకరే కూర్చోవాలని ఎవరు చెప్పారు. నియమం పెట్టినాయన కూడా అది పెట్టలేదు.

ఆయనకు చెడింది కుడిచెయ్యి. త్రాటిల్ ఉన్నది ఎడమవైపు.

ఇన్ని నెలలు. ఇద్దరూ ఒకే గదిలో, ఒకరు కుర్చీలో, ఒకరు దాని వెనక. చెడిపోయిన చేతినే చూశారు ఇద్దరూ. అన్నం తినే ఎడమచెయ్యి, సంతకం నేర్చుకున్న ఎడమచెయ్యి, చొక్కా గుండీలు కూడా పెట్టుకునే ఎడమచెయ్యి, వెనక నిలబడి ఊరికే గాలిలో ఆడించుకుంటూ, అలా కాదు, ఇలా, అని చూపించే ఎడమచెయ్యి.

"ఏమండీ," అని పిలిచింది. బాల్కనీలో కదలిక లేదు. పిలుపు గట్టిగా లేదేమో, లేక వినపడి కూడా. "ఏమండీ. ఇట్ల రాండి ఒకసారి."

ఫోను మోగింది, సందు పేరు ఏమిటని రక్షిత్ మెసేజి. చెప్పుల చప్పుడు వచ్చింది, ఫోను కోసం వచ్చాడేమో, గుమ్మంలో ఆగాడు, తెర మీద ట్యాంకరు అలాగే ముందర ఎగురుతోంది. ఆమె కాళ్ళు కుర్చీ మీద మడిచి ఉండటం చూశాడు. 

"తొక్కతా ఉన్నాను," అంది. "ఇన్ని దినాలూ. మిషను మాదిరి. కుడికాలు."

ఆయన వంగి బల్ల కింద పెడల్స్ చూశాడు. పెడల్స్‌ను చూశాడు, మెట్టెను చూశాడు, లేచాడు. ముఖంలో ఏదో కదిలింది, నవ్వు కాదు, నవ్వుకు ముందర వచ్చేది.

"నీ యవ్వ," అన్నాడు మెల్లగా. "నేను బుట్టను తిడతా ఉండాను."

"బుట్టను కాదు, నన్ను తిట్టినారు."

"సరే, నిన్నే."

"ఈ పక్కకు రాండి. ఎడం చెయ్యి ఈడ పెట్టండి." త్రాటిల్ మీద నుంచి తన చెయ్యి తీసేసింది. విమానం వెనక్కి జారడం మొదలుపెట్టింది. "పాదం మీది, చెయ్యి నాది."

"పాదమేంది మే, అది చెయ్యి కదా."

"మీకెందుకు, పెట్టండి, వెనక్కి పోతా ఉంది."

పెట్టాడు. ఎంతో సేపు చూడలేదు, ఆలోచించలేదు, విమానం వెనక్కి పోతోంది గనక పెట్టేశాడు, గొంతు దగ్గర గుండీ పెట్టుకున్నంత అలవాటుగా, వేళ్ళు వాటంతటవే త్రాటిల్ తల మీద వాలాయి. ఆమె కుర్చీకి ఎడమ పక్కగా, కొంచెం వెనకగా, వంగి నిలబడ్డాడు. ఇంజను చప్పుడు మారింది. ఆమె ఎన్ని వారాలు చేసినా రాని చప్పుడు అది, పెరగడమూ కాదు, తగ్గడమూ కాదు, పెరగబోయి ఆగడం. ట్యాంకరు పెద్దదవుతోంది, కుళాయిలో నీళ్ళు కాలకముందే తిప్పి, చల్లారకముందే తిప్పి, ఆ వేళ్ళు ఏం చేస్తున్నాయో ఆమె చూడలేదు, పాదం సంగతి నీకొద్దు, తను చేతిని చూసుకుంది, వేళ్ళ కొసలు, గుడ్డను లాగకూడదు, గుడ్డ తనంతట తనే పోతుంది, దారి మాత్రమే చూపించాలి. కాళ్ళు కింద తొక్కుదామని చూస్తున్నాయి, తొడల కింద నొక్కి పట్టుకుంది. ఆయన వంగి నిలబడలేక ఒరిగాడు, కుడిచేత్తో కుర్చీ వీపు పట్టుకోబోయాడు, వేళ్ళు పట్టుకోలేదు, జారాయి, ఆమె ఎడమచెయ్యి, పని లేని చెయ్యి, పైకి పోయి ఆ చేతిని భుజం మీద పట్టుకుంది. గట్టిగా పట్టుకుంది. సగం ముడుచుకున్న వేళ్ళు తన వేళ్ళ మధ్య చల్లగా ఉన్నాయి.

మూరెడు. జానెడు. ఆయన గాలి పీల్చలేదు. ఊపిరే తీయలేదు. తనూ తీయలేదు.

తగిలింది. చప్పుడు లేదు, తెర కొంచెం అదిరింది, గొట్టం వదులై ఒకసారి అలలా ఊగింది, ట్యాంకరు రెక్క కింద దీపం పచ్చగా మారింది. ఇంధనం చూపించే ముల్లు పైకి కదలడం మొదలుపెట్టింది, ఎంత మెల్లగా అంటే కదులుతున్నట్టు కనిపించదు, కాసేపటికి చూస్తే ఉన్నచోట ఉండదు. మెడలోని హెడ్‌సెట్‌లోంచి సన్నగా ఏదో గొంతు, సారు కాఫీ తెచ్చుకున్నట్టున్నాడు. గడ్డంతో మైకును పైకి నెట్టుకుంది.

ఓ, ఓ, పట్టినావే, అంటున్నాడు పద్మనాభం. కదలద్దు చిత్రమ్మా, అట్లే ఉండు, అట్లే.  గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడు. మళ్ళీ గొంతు వచ్చింది, ఈసారి లెక్కలో ఎక్కడో ఏదో దొరికిన గొంతు.

"త్రాటిల్ పట్టింది నువ్వు కాదే. ఆ పట్టు నాకు తెలుసు. శశీ, ఆడుండావా అప్పా?"

జట్టులో ఎవరు ఫోను చేసినా ఎత్తని మనిషి, నెలల తరబడి ఆ గొంతుకు జవాబు చెప్పని మనిషి. ఇప్పుడు కూడా చెప్పకపోవచ్చు. త్రాటిల్ వదిలేసి బాల్కనీలోకి పోవచ్చు, పోతే గొట్టం తెగుతుంది.  ఆయన ఇంకొంచెం వంగాడు. మైకు ఆమె బుగ్గ పక్కన ఉంది, అందులోకి మాట్లాడాలంటే బుగ్గకు బుగ్గ ఆనించాలి, గడ్డం గీసుకుని రెండు రోజులైంది, గరగర తగిలింది.

"ఉండాను సార్," అన్నాడు. "తొక్కేది నేను, తోలేది ఆమె."

"ఒక సీట్లో ఇద్దరా? నియమం పెట్టిందే నువ్వు కదప్పా."

"సంగటి ఇద్దరు తింటే సంగటి కాకుండా పోతుందా సార్."

అవతల సారు నవ్వుతున్నాడు. నిండేదాకా వదలద్దండి మరి, సగంలో వదిలితే లెక్కలోకి రాదు, అన్నాడు. ముల్లు సగానికి రాలేదు ఇంకా. ఆయన నడుము నొప్పి పుడుతోందేమో, ఒకసారి ఇటు, ఒకసారి అటు బరువు మార్చుకున్నాడు, త్రాటిల్ మీద వేళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి. బిగపట్టద్దు మే, అన్నాడు, ఏది బిగపడుతున్నానో చెప్పండి, స్టిక్కా, మీ చెయ్యా, అంది, రెండూ అన్నాడు, రెండిటిలో ఏదీ ఆమె వదలలేదు. వీధిలో కారు ఆగిన చప్పుడు. తలుపు వేసిన చప్పుడు. మెట్ల మీద కొత్త బూట్లు, ఏ అంతస్తో తెలియక మొదటి మలుపులో ఆగి, మళ్ళీ ఎక్కుతూ. కాలింగ్ బెల్ మోగింది.

మళ్ళీ మోగింది. ఫోను కూడా బల్ల మీద మోగుతూ అంచు దాకా జరుగుతోంది. శశికుమార్ తల తిప్పలేదు. ఆమె ట్యాంకరు పొట్ట మీద గీతలనే చూస్తోంది. నాలుగు చేతుల్లో ఒకటి స్టిక్కు మీద, ఒకటి త్రాటిల్ మీద, మిగిలిన రెండూ ఆమె భుజం మీద ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. లేచి తలుపు తీయడానికి ఆ ఇంట్లో ఎవరికీ చెయ్యి ఖాళీ లేదు.